పార్సిల్ కియోస్క్ విశాఖకు వస్తే కిరాణా కొట్టులోనే పెట్టాలి

గాజువాక నుంచి హైదరాబాద్ హాస్టల్లో ఉన్న పిల్లకి మూడు కిలోల పార్సిల్ పంపాలంటే దారులకు కొదవ లేదు. పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు ఉంది, మెయిన్ రోడ్డు మీద కొరియర్ ఆఫీసులున్నాయి, కాస్త ఓపిక చేసుకుని ద్వారకా బస్ స్టేషన్ దాకా వెళ్తే ఆర్టీసీ కార్గో కౌంటర్ ఉంది. చిక్కల్లా టైముతోనూ రేటుతోనూ. ఉద్యోగం చేసేవాళ్లు ఇంటికి చేరే వేళకి పోస్టాఫీసు కౌంటర్ మూసేసి ఉంటుంది. కొరియర్‌కి ఎంతవుతుందో డబ్బా మోసుకెళ్లి తూకం వేయించాక గాని తెలీదు. ఆ చెప్పిన రేటు సరైనదో కాదో అప్పటికప్పుడు చూసుకునే వీలు చాలామందికి ఉండదు. స్టీల్‌ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డుల్లో షిఫ్టుల మీద బతికే కుటుంబాలు, రుషికొండ వైపు ఐటీ కంపెనీల్లో రాత్రి డ్యూటీలు చేసే కుర్రాళ్లు ఇంతమంది ఉన్న ఊళ్లో దీన్ని చిన్న ఇబ్బందిగా తీసిపారేయలేం.

ఇదే పని జపాన్, తైవాన్‌లలో ఇంటి దగ్గరి దుకాణంలో అయిపోతుంది. రాత్రీ పగలూ తెరిచి ఉండే చిన్న దుకాణాలు అక్కడ వీధి మలుపు మలుపునా కనిపిస్తాయి. తైవాన్ జనాభా దాదాపు 2 కోట్ల 30 లక్షలు, ఇలాంటి దుకాణాలు 13 వేలకు పైనే. అక్కడి సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో ఐబాన్, ఫ్యామిలీమార్ట్ దుకాణాల్లో ఫామీపోర్ట్ అనే టచ్‌స్క్రీన్ యంత్రాలుంటాయి, కియోస్క్ అనేది వీటినే. జపాన్‌లో లాసన్ దుకాణాల్లోని లోప్పి కూడా ఈ కోవలోదే. కచేరీ టికెట్ దగ్గర్నుంచి పార్సిల్ చీటీ దాకా వీటిలోంచే వస్తాయి.

మన దగ్గర వీటి గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆ యంత్రం పార్సిల్ తీసుకోదు. చాలా పనులకు డబ్బు కూడా తీసుకోదు. అది చేసే పని రాతకోతల పని. తైవాన్‌లో పంపేవాళ్లు తెర మీద తమ పేరు, ఫోన్ నెంబరు, అందుకునేవాళ్ల పేరు, ఏ దుకాణంలో అందుకుంటారన్నది నింపుతారు. యంత్రం బార్‌కోడ్ ఉన్న చీటీ ఇస్తుంది. దాన్ని పార్సిల్ మీద పారదర్శకంగా ఉండే కవర్లో పెట్టి అంటించి కౌంటర్‌లో ఇస్తారు. కౌంటర్‌లో మనిషి స్కాన్ చేసి, డబ్బు తీసుకుని, రసీదు చేతికిస్తాడు. డబ్బా పొడవైన వైపు 45 సెంటీమీటర్లు, మిగతా రెండు వైపులా 30 సెంటీమీటర్లు దాటకూడదు. లోప్పి ఇచ్చే చీటీకైతే 30 నిమిషాల గడువుంటుంది, ఆలోపే కౌంటర్‌లో డబ్బు కట్టాలి. అంటే యంత్రాన్నీ మనిషినీ విడదీయలేనట్టుగానే ఆ ఏర్పాటును మొదట్నుంచీ కట్టారు.

ఆ తర్వాత జరిగేది కంటికి కనబడదు గాని అసలు కీలకం అక్కడే ఉంది. తైవాన్ దుకాణాలకు అన్నం డబ్బాలు, పాలు, రొట్టె మోసుకొచ్చే లారీలు ఎలాగూ ప్రతిరోజూ తిరుగుతుంటాయి. సరుకు దించి ఖాళీగా వెనక్కి వెళ్లే బండిలో పార్సిల్ ఎక్కుతుంది. గిడ్డంగిలో ఏ దుకాణం పార్సిళ్లు ఆ దుకాణానికి వేరుచేసి, మళ్లీ సరుకు లారీలోనే పంపుతారు. చేరగానే అందుకునేవాళ్ల ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. వారం లోపు వచ్చి తీసుకోవాలి, లేకపోతే పార్సిల్ వెనక్కి పోతుంది. డెలివరీ కుర్రాడు ఇల్లిల్లూ తిరగక్కర్లేదు, తలుపు కొట్టి లేరని వెళ్లిపోయి మర్నాడు మళ్లీ రానక్కర్లేదు. ఛార్జీ తక్కువ ఉండటానికి ముఖ్య కారణం ఇదే. యంత్రం ఒక్కటే తెచ్చి పెట్టి, వెనకాల ఆ లారీ లేకపోతే మిగిలేది ఒక ఖరీదైన చీటీల ప్రింటరు.

చరిత్ర చూసినా యంత్రం చివర్లో వచ్చిందే. జపాన్‌లో యమాటో కంపెనీ 1976 జనవరి 20న ఇంటింటి పార్సిల్ సర్వీసు మొదలుపెట్టింది. మొదటి రోజు వచ్చినవి 11 పార్సిళ్లు. ఆ కంపెనీ పార్సిళ్లు తీసుకోవడానికి సొంతంగా ఆఫీసులు కట్టుకుంటూ కూర్చోలేదు. వీధిలో ఉండే బియ్యం కొట్లను, మద్యం దుకాణాలను ఏజెంట్లుగా పెట్టుకుంది. జనం రోజూ వెళ్లే చోటు, దుకాణదారు ఊరందరికీ తెలిసిన మనిషి, అది చాలనుకుంది. జపాన్ సెవెన్ ఎలెవెన్ మొదటి దుకాణం 1974లో టోక్యోలోని టొయోసులో తెరిచారు. అదీ అంతకుముందు ఒక కుటుంబం నడుపుకుంటున్న మద్యం దుకాణమే. 1987లో ఆ దుకాణాల్లో కరెంటు బిల్లులు కట్టించుకోవడం మొదలైంది. తెర ఉన్న యంత్రాలు ఆ తర్వాతి మాట. ముందు నమ్మకమైన కొట్టు, తర్వాత బండి, తర్వాత బిల్లులు, చివరికి యంత్రం. మన ఊళ్లలో ఈ వరుస తలకిందులవుతుంటుంది. ముందు యంత్రం కొంటారు, రిబ్బన్ కత్తిరిస్తారు, దాన్ని ఎవరు చూసుకోవాలన్న మాట ఆరు నెలల తర్వాత వస్తుంది.

బిల్లుల విషయంలో మాత్రం తెలుగువాళ్ల దారి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే హైదరాబాద్‌లో ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. కరెంటు, నీళ్లు, ఫోన్ బిల్లులన్నీ ఒకే కౌంటర్‌లో కట్టే వీలు అప్పట్లో కొత్త. 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరిలో 161 సేవలతో వాట్సాప్‌లో మన మిత్ర. మధ్యలో 2016లో వచ్చిన యూపీఐ మొత్తం లెక్కనే మార్చేసింది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే దేశంలో 2,000 కోట్లకు పైగా యూపీఐ చెల్లింపులు జరిగాయి. పూర్ణామార్కెట్‌లో కొత్తిమీర కట్ట అమ్మే ఆవిడ దగ్గర కూడా క్యూఆర్ కోడ్ అట్టముక్క ఉంది. ఇలాంటి ఊళ్లో కేవలం బిల్లులు కట్టడానికి కియోస్క్ పెట్టడం డబ్బు దండగ. జపాన్ వాళ్లు దుకాణానికి నడిచి వెళ్లి చేసే పని విశాఖ వాళ్లు మంచం మీద కూర్చుని చేసేస్తున్నారు.

అలాగని ఫోన్ చేతిలో ఉంటే అంతా అయిపోయినట్టు కాదు. 2024 జూలైలో యాప్‌లలో కట్టే బిల్లులు ఒకే ఉమ్మడి వ్యవస్థ ద్వారా వెళ్లాలన్న భారత్ బిల్ పే నిబంధన అమల్లోకి వచ్చినప్పుడు తెలుగు రాష్ట్రాల్లో కొన్ని డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) బిల్లులు అలవాటైన యాప్‌లలో కట్టడానికి కొన్నాళ్లు వీలు లేకపోయింది. గడువు దగ్గరపడుతుంటే ఎక్కడ కట్టాలో తెలియక జనం టెన్షన్ పడ్డారు. ఫిషింగ్ హార్బర్‌లో రోజు కూలి నోట్ల రూపంలో చేతికొచ్చేవాళ్లున్నారు. మామూలు ఫోనే వాడే పెద్దవాళ్లున్నారు. వాళ్లకు కావలసింది తెలిసిన మనిషి ఉన్న కౌంటర్. టచ్‌స్క్రీన్ ముందు నిలబెడితే వాళ్ల కష్టం ఇంకాస్త పెరుగుతుంది.

ఈ మాటకు రుజువు వెతుక్కుంటూ దూరం వెళ్లక్కర్లేదు. బ్యాంకుల్లో పాస్‌బుక్ ప్రింటింగ్ యంత్రాలు చూడండి. పుస్తకం మీద బార్‌కోడ్ స్టిక్కర్ ఉండాలి, సరైన పేజీ తెరిచి, సరైన వైపు పెట్టాలి. చెప్పడానికి తేలికే. నెల మొదట్లో పెన్షన్ పడిందో లేదో చూసుకోవడానికి వచ్చిన పెద్దాయన పుస్తకాన్ని తిరగేసి పెడతాడు, యంత్రం బయటికి తోసేస్తుంది, మళ్లీ పెడతాడు, వెనక లైను పెరుగుతుంది. చివరికి సెక్యూరిటీ గార్డు లేచొచ్చి "ఇలా ఇవ్వండి బాబాయ్" అని పుస్తకం తీసుకుని తనే పెడతాడు. చాలా బ్రాంచుల్లో యంత్రాన్ని నిజానికి నడిపేది ఆ గార్డే. రైల్వే ఈ సంగతి ఒప్పుకుంది. స్టేషన్లలో ఆటోమేటిక్ టికెట్ యంత్రాల దగ్గర ఫెసిలిటేటర్లను పెట్టింది. చాలాచోట్ల వాళ్లు రిటైరైన రైల్వే ఉద్యోగులే, టికెట్ల మీద కమీషన్ వస్తుంది. యంత్రం పక్కన మనిషి కావాలని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు, అందుకే ఆ ఏర్పాటు నిలబడింది.

మరి విశాఖలో పార్సిల్ కియోస్క్ దేనికి? రేటు కళ్లెదుట పెట్టడానికి. కొరియర్‌లో జనానికి అర్థం కానిది, అందుకే మోసపోయామేమో అని అనుమానపడేది ఘనపరిమాణం తూకం. డబ్బా బరువు తక్కువైనా, బండిలో అది ఆక్రమించే చోటు ఎక్కువైతే ఆ చోటుకే రేటు కడతారు. విమాన కొరియర్లలో మామూలుగా వాడే సూత్రం ఇది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగించాలి. రెండు కిలోల వడియాలు, అప్పడాలు విరిగిపోకుండా వదులుగా సర్దిన డబ్బా 40, 30, 30 సెంటీమీటర్లు ఉందనుకుందాం. హెచ్చవేస్తే 36,000. దాన్ని 5,000తో భాగిస్తే 7.2 కిలోలు. అంటే రెండు కిలోల సరుకుకు ఏడు కిలోల పైచిలుకు రేటు పడుతుంది. అదే సరుకును 15 సెంటీమీటర్ల ఎత్తున్న డబ్బాలో సర్దగలిగితే లెక్క 3.6 కిలోలకు దిగుతుంది. కంపెనీని బట్టి, రోడ్డు మీద వెళ్తుందా విమానంలోనా అన్నదాన్ని బట్టి ఆ 5,000 అంకె మారొచ్చు. సూత్రం మాత్రం అదే.

ఈ లెక్క కౌంటర్ అవతల కూర్చున్నవాళ్లకే కనిపించే కంప్యూటర్లో కాకుండా, ఇవతల నిలబడ్డ మనిషికి కనిపించే తెర మీద, తెలుగులో, అంకెలతో సహా రావాలి. "మీ డబ్బా బరువు 2 కిలోలు, సైజును బట్టి లెక్క 7.2 కిలోలు, చిన్న డబ్బా వాడితే ఇంత తగ్గుతుంది" అని యంత్రం చెప్పగలిగితే అది పెట్టినందుకు సార్థకం. కాటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేసినదై ఉండాలి. కూరగాయల బండి కాటాకు ఉన్న నియమం పార్సిల్ కాటాకూ ఉంది. ఒకే పార్సిల్‌కి పోస్టు, ఆర్టీసీ, ప్రైవేటు కొరియర్ రేట్లు మూడూ పక్కపక్కన చూపిస్తే ఇంకా మేలు. అయితే ఏ కొరియర్ కంపెనీ కూడా తనంతట తాను అలాంటి తెర పెట్టదు. అందుకే ఆ యంత్రం ఏ ఒక్క కంపెనీదీ కాకూడదు.

చిరునామా ఇంకో పెద్ద పని. ఎంవీపీ కాలనీ లాంటి చోట సెక్టార్, డోర్ నెంబరు ఉంటాయి కాబట్టి ఫర్వాలేదు. కంచరపాలెంలోనో పాత నగరం సందుల్లోనో "రామాలయం వెనక, నీళ్ల ట్యాంకు దగ్గర, మేడ మీద" అన్నదే అసలు అడ్రసు. జపాన్‌లో అడ్రసు పేట, బ్లాకు నెంబర్ల వరుసలో సాగుతుంది. అది ఇక్కడ నడవదు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆరంకెల పిన్‌కోడ్ పోస్టాఫీసు దాకా తీసుకెళ్తుంది, ఇంటి దాకా తీసుకెళ్లదు. 2025లో తపాలా శాఖ తెచ్చిన డిజిపిన్ దేశాన్ని నాలుగేసి మీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి పది అక్షరాలు, అంకెల కోడ్ ఇస్తుంది. అది జనానికి అలవాటైతే ఈ బాధ చాలావరకు తీరుతుంది. ఈలోపు కియోస్క్ నోటితో చెప్పిన అడ్రసును తెలుగులో విని రాసుకోవాలి, పంపేవాళ్లు వాట్సాప్‌లో వచ్చిన లొకేషన్‌ను అలాగే ఇచ్చేయగలగాలి. అందుకునేవాళ్లు దుకాణానికే వచ్చి తీసుకునే పద్ధతైతే అడ్రసు గొడవే ఉండదు.

ఇక్కడ విశాఖకు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది, దాన్ని దాచిపెట్టి ఈ విషయం మాట్లాడకూడదు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు ఏజెన్సీ నుంచి గంజాయి బయటికి వెళ్లే దారిలో విశాఖ ముఖ్యమైన మజిలీ. కొరియర్ పార్సిళ్లు కూడా దీనికి వాడుకుంటున్నారు. మాదకద్రవ్యాల కట్టడికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఈగల్ అనే ప్రత్యేక విభాగం పెట్టింది. పోలండ్‌లో ఇన్‌పోస్ట్ కంపెనీ 2009 నుంచి పార్సిల్ లాకర్లు పెడుతూ వచ్చింది, ఇప్పుడవి అక్కడ 20 వేలకు పైగా ఉన్నాయి. రోడ్డు పక్క లాకర్ ఫోన్‌తో తెరిచి, పార్సిల్ లోపల పెట్టి వెళ్లిపోవచ్చు, ఎవరూ అడగరు. ఆ పద్ధతి యథాతథంగా మద్దిలపాలెం జంక్షన్‌లో పెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. పంపే చోట డబ్బా మూత పడకముందు లోపల చూసే మనిషి ఉండాలి, గుర్తింపు కార్డు చూడాలి. నూనె కారే ఆవకాయ సీసా విమానంలో వెళ్లదని చెప్పాల్సిందీ ఆ మనిషే. అందుకునే వైపు మాత్రం లాకర్ పెట్టుకోవచ్చు, అక్కడ ఈ భయం లేదు.

నిజానికి పంపడం కన్నా అందుకోవడంలోనే నగరం ఎక్కువ నష్టపోతోంది. ద్వారకానగర్ చుట్టుపక్కల కోచింగ్ పిల్లల హాస్టళ్లలో పగలంతా ఎవరూ ఉండరు. డెలివరీ కుర్రాడు ఫోన్ చేస్తే క్లాసులో ఎత్తరు. అపార్టుమెంట్లలో వాచ్‌మన్ గది పార్సిల్ గోడౌన్ అయిపోయింది, దానికి ఆ వాచ్‌మన్‌కి పైసా రాదు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్ల పార్సిళ్లు ఎదురింటి పిన్నిగారి పుణ్యమా అని చేరుతున్నాయి. రెండు మూడు సార్లు తిరిగి వెనక్కి పోయిన పార్సిల్ ఖర్చు చివరికి కొనేవాళ్ల మీదో అమ్మేవాళ్ల మీదో పడేదే. ఏటికొప్పాక లక్క బొమ్మలు, మాడుగుల హల్వా ఆన్‌లైన్లో అమ్ముకునే చిన్న వ్యాపారికి క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ నాలుగు వెనక్కి వచ్చాయంటే ఆ వారం లాభం పోయినట్టే. రాత్రి పది దాకా తెరిచి ఉండే కిరాణా కొట్టులో పార్సిల్ పెట్టించుకుని, ఓటీపీ చెప్పి, యూపీఐలోనో నోట్లతోనో డబ్బు కట్టి తీసుకునే వీలుంటే ఇందులో సగం తిరుగుళ్లు తగ్గుతాయి.

ఆ కొట్టు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం ఇప్పటికే వీధిలో ఉంది. ఆంధ్రా యూనివర్సిటీ చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో ఇప్పటికే దరఖాస్తులు నింపుతారు, రైలు టికెట్లు తీస్తారు, కొన్నిచోట్ల కొరియర్ బుకింగూ చేస్తారు. ఆ షాపు నడిపే కుర్రాడే ఈ ఊరి కియోస్క్. అతనికి ఒక ముద్ర ఉన్న కాటా, లేబుల్ ప్రింటరు, కొనేవాళ్ల వైపు తిప్పిన చిన్న తెర, నాలుగు అరల రాక్ ఇస్తే చాలు. నిలువెత్తు యంత్రానికయ్యే ఖర్చులో చిన్న భాగంతో పనైపోతుంది. పేచీ వచ్చేది కమీషన్ దగ్గరే. కిరాణా కొట్టులో అడుగు జాగా కూడా డబ్బే. పార్సిల్ కోసం వచ్చినవాళ్లు నూనె ప్యాకెట్ కొనుక్కుంటారు కదా అని ఊరికే పెట్టమంటే దుకాణదారు రెండు నెలలు పెట్టి మూడో నెల రాక్ మీద చిప్స్ ప్యాకెట్లు సర్దుకుంటాడు. పార్సిల్‌కింత అని తీసుకున్న రోజే కమీషన్ అతని ఖాతాలో పడాలి. పోయిన, విరిగిన పార్సిల్ బాధ్యత ఏ దశలో ఎవరిదో కాగితం మీద ముందే ఉండాలి. లేదంటే పెంకు ఊడిన ప్రతి కొబ్బరికాయకీ కొట్టువాడే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

సముద్రం పక్క ఊరు కాబట్టి యంత్రం మన్నిక సంగతీ చూడాలి. ఉప్పుగాలికి బయట పెట్టిన లోహం త్వరగా తుప్పు పడుతుంది. యంత్రం షట్టర్ లోపల ఉండాలి. థర్మల్ కాగితం మీద అచ్చైన రసీదు రోజులు గడిచేకొద్దీ వెలిసిపోతుంది, నష్టపరిహారం అడిగే రోజుకు తెల్ల కాగితం మిగులుతుంది. రసీదు ఫోన్‌కి కూడా వచ్చి తీరాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్ సిగ్నళ్లు రోజుల తరబడి లేవు. నెట్ లేకపోయినా పార్సిల్ నెంబరు కాగితం మీద రాసి ఇవ్వగలిగే పద్ధతి మొదట్నుంచే ఉండాలి.

ఇక లారీ. తైవాన్‌లో సరుకు లారీ చేసే పని విశాఖలో ఆర్టీసీ బస్సు ఇప్పటికే చేస్తోంది. కార్గో కౌంటర్‌లో ఇచ్చిన పార్సిల్ ప్రయాణికుల బస్సు డిక్కీలో ఎక్కుతుంది, అవతలి ఊరి బస్టాండులో మనిషి వచ్చి తీసుకుంటాడు. దుకాణం నుంచి దుకాణానికి అన్న పద్ధతికీ దీనికీ ముఖ్యమైన తేడా: రెండు చివర్లూ ఎక్కువగా బస్టాండులే కావడం. బస్సు ఎలాగూ తిరుగుతుంది, డీజిలు ఎలాగూ కాలుతుంది, కాబట్టి అదనపు ఖర్చు తక్కువ. గాజువాకలో, మద్దిలపాలెంలో, మధురవాడలో, కూర్మన్నపాలెం స్టీల్ సిటీలో డిపోలున్నాయి. వాటి చుట్టూ కిలోమీటరు లోపు దుకాణాలను కౌంటర్లుగా కలిపి, రాత్రి ఆఖరి ట్రిప్పులో ఆ పార్సిళ్లు ద్వారకా బస్ స్టేషన్ చేరేలా చేస్తే మొదలుపెట్టడానికి కొత్త బండి ఒక్కటీ కొనక్కర్లేదు. ముందు కూర్మన్నపాలెంలో చేసి చూడాలి. అక్కడ మూడు షిఫ్టుల్లో జనం దిగుతుంటారు, బడ్డీ కొట్లు పొద్దున్నే తెరుచుకుంటాయి, ఊళ్లకు పార్సిళ్లు పంపే కుటుంబాలూ ఎక్కువే.